నాలుక మీద నీళ్ళ చుక్క: అకాన్ ఊళ్ళలో పాత నమ్మకం చేసే పని

ఘనాలోని అకాన్ ఇళ్ళలో బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజు తెల్లవారుజామున పేరు పెడతారు. సంప్రదాయం ప్రకారం అప్పటిదాకా బిడ్డను బయటికి తీసుకురారు. ఆ వారమంతా బిడ్డ ఒక అతిథి. వచ్చిన లోకానికే తిరిగి వెళ్ళిపోతుందో, ఇక్కడే ఉండిపోతుందో ఎవరికీ తెలియదు. ఎనిమిదో పొద్దు పొడిచేసరికి కూడా ఉందంటే ఉండడానికే వచ్చిందని లెక్క. అప్పుడు ఇంటి పెద్ద ఒకరు బిడ్డను ఒళ్ళోకి తీసుకుంటారు. మంచి నడవడి ఉన్న మనిషిని ఏరి మరీ ఈ పనికి పిలుస్తారు, ఆ గుణం బిడ్డకు వస్తుందని. పక్కన రెండు గ్లాసులు ఉంటాయి. ఒకదానిలో నీళ్ళు, ఇంకోదానిలో జిన్. పెద్దాయన నీళ్ళలో వేలు ముంచి బిడ్డ నాలుకకు తాకించి, "నీళ్ళు అన్నావంటే అవి నీళ్ళే అయి ఉండాలి" అంటాడు. తర్వాత జిన్‌లో వేలు ముంచి, "మందు అన్నావంటే అది మందే అయి ఉండాలి" అంటాడు. ఇలా మూడేసి సార్లు.

పైకి చూస్తే రెండు గ్లాసులూ ఒకేలా ఉంటాయి. నాలుకకు తగిలితేనే తేడా తెలుస్తుంది. మనిషిగా లెక్కలోకి వచ్చిన మొదటి రోజున బిడ్డకు అందే మొదటి పాఠం అబద్ధం ఆడొద్దని. దేవుడి పేరో, మంత్రమో దాని తర్వాతే.

పేరులో సగం వారాన్ని బట్టి ముందే ఖాయమై ఉంటుంది. శుక్రవారం పుట్టిన మగబిడ్డ కోఫీ, ఆడబిడ్డ అఫువా. శనివారమైతే క్వామే, అమా. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫీ అన్నన్, ఘనా మొదటి అధ్యక్షుడు క్వామే న్క్రుమా పేర్లలో ఉన్నవి ఆ వారాలే. మిగతా సగం పెద్దల్లో ఒకరి పేరు. ఆ పెద్దలు చాలాసార్లు చనిపోయినవాళ్ళే.

ఇలా పేరు పెట్టే కుటుంబాల్లో ఎక్కువ భాగం ఆదివారం చర్చికి వెళ్తాయి. 2021 జనాభా లెక్కల ప్రకారం ఘనా జనాభా 3.08 కోట్లు. అందులో 71.3 శాతం క్రైస్తవులు, 19.9 శాతం ముస్లింలు. సంప్రదాయ మతం మాది అని చెప్పినవాళ్ళు 3.2 శాతమే. ఈ ఒక్క అంకె చూసి ఆ దేశంలో పాత ఆధ్యాత్మికత అడుగంటిపోయిందని తేల్చేయడం తేలిక. కానీ జనాభా లెక్కల కాగితంలోని ఆ గడి అడిగేది "నువ్వు ఏం నమ్ముతావు" అని. అకాన్‌ల పాత పద్ధతి అడిగేది "నువ్వు ఎవరికి ఏం బాకీ ఉన్నావు" అని. కన్న కుటుంబానికి, ముందు పోయినవాళ్ళకు, కాళ్ళ కింది నేలకు, తాగే నీళ్ళకు మనిషి బాకీ పడి ఉంటాడన్నది దాని లెక్క. ఆ బాకీ తీర్చడానికి ఏ గుడిలోనూ సభ్యత్వం అక్కర్లేదు, ఏ చర్చినీ వదులుకోనక్కర్లేదు. అందుకే అది గడిలో పట్టలేదు.

ఆఫ్రికా ఆధ్యాత్మికత అని ఒకే మాటలో చుట్టేయడంలోనే మొదటి తప్పు ఉంది. నైజీరియా యొరుబాల ఇఫా జోస్యం, జింబాబ్వే షోనాల పూర్వీకుల ఆవాహన, కెన్యా తీరంలో మిజికెండాల కాయా అడవులు ఒక్కొక్కటీ ఒక్కో ప్రపంచం. అకాన్‌లు అంటే ఘనా జనాభాలో దాదాపు సగం. అసాంటే, ఫాంటే, బోనో వంటి వాళ్ళంతా ఇందులోకి వస్తారు. రెండో తప్పు పేరుతో వచ్చింది. 1471లో ఘనా తీరానికి చేరిన పోర్చుగీసువాళ్ళు స్థానికుల పూజా వస్తువులను తమ భాషలో తాయెత్తు, మంత్రపు బొమ్మ అనే అర్థం వచ్చే మాటతో పిలిచారు. ఇంగ్లిషులో ఫెటిష్ అన్న మాట అక్కడి నుంచే పుట్టింది. ఇప్పటికీ తెలుగు పత్రికల్లో ఆఫ్రికా పూజల ప్రస్తావన వస్తే "క్షుద్రపూజలు" అని రాసేస్తుంటారు. ఒక జాతి తన చనిపోయిన తాతను తలుచుకోవడం క్షుద్రం ఎలా అవుతుందో రాసేవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి.

అకాన్‌లకు పైనున్న దేవుడు ఒక్కడే. ఆయన న్యామే. "పసివాడికి దేవుణ్ణి ఎవరూ చూపించనక్కర్లేదు" అని వాళ్ళ సామెత. పసివాడు వెల్లకిలా పడుకుని ఆకాశాన్నే చూస్తుంటాడు కదా. ఆయన కింద నేలతల్లి అసాసే యా. నదుల్లో, చెరువుల్లో, బండల్లో ఉండే దేవతలు అబోసోమ్. వాళ్ళు పూనితే పలికే పూజారి ఒకోమ్‌ఫో. వీళ్ళందరికంటే రోజువారీ బతుక్కి దగ్గరగా ఉండేది పూర్వీకులు, నానానోమ్ న్సమన్‌ఫో. చనిపోయిన ప్రతివాళ్ళూ పూర్వీకులు కాలేరు. నిండు వయసు బతకాలి, పిల్లల్ని కనాలి, నలుగురి నోట మంచి అనిపించుకోవాలి. చెడ్డగా బతికినవాడి పేరు ఎవరూ బిడ్డకు పెట్టరు, సాక పోసేటప్పుడు పిలవరు. స్వర్గనరకాల భయం చేసే పనిని అక్కడ ఈ మరపు భయం చేస్తుంది.

సాక అన్న తెలుగు మాట ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. గ్రామదేవత ముందు సాక పోసినట్టే, అకాన్ పెద్ద కూడా గ్లాసు పట్టుకుని కొద్దికొద్దిగా నేల మీద మందు వంచుతూ వరసగా పిలుస్తాడు. ముందు న్యామే, తర్వాత నేలతల్లి, తర్వాత పేరుపేరునా పెద్దలు. వచ్చి తాగండి, ఈ పని చూడండి, మా మాట వినండి అంటాడు. ఒక్కో వాక్యానికీ చుట్టూ ఉన్నవాళ్ళు వంత పలుకుతారు. పెళ్ళి మాటలైనా, పొలం తగువైనా ఇలాగే మొదలవుతుంది. తగువులో దీని ప్రయోజనం తెలుస్తుంది. తాతముత్తాతలు వచ్చి పక్కన కూర్చున్నారనుకున్నాక నోటికొచ్చినట్టు మాట్లాడడం కష్టం.

మనిషి తయారీ గురించి అకాన్‌ల లెక్క ఇది: తల్లి నుంచి రక్తం, తండ్రి నుంచి స్వభావం, న్యామే నుంచి ప్రాణం. రక్తం తల్లిది కాబట్టి వంశం తల్లివైపు సాగుతుంది. ఆ వంశమే అబుసువా. పాత పద్ధతిలో మనిషి ఆస్తి కన్నపిల్లలకు కాక అక్కచెల్లెళ్ళ పిల్లలకు పోతుంది. "అబుసువా అడవి లాంటిది, దూరం నుంచి చూస్తే ఒకటే గుబురు, దగ్గరికెళితే ఏ చెట్టు దాని చోటే" అని వాళ్ళంటారు. ఈ గుబురు తన బలమంతా చూపించేది చావు ఇంట్లో.

అసాంటే ప్రాంతంలో ఏ శనివారమైనా ఏదో ఒక ఊళ్ళో అంత్యక్రియలు జరుగుతూనే ఉంటాయి. చనిపోయింది ఆ వారమే కానక్కర్లేదు. శవాన్ని వారాలు, ఒక్కోసారి నెలలు మార్చురీలో ఉంచి, దూరాన ఉన్నవాళ్ళంతా వచ్చే రోజు చూసి పెట్టుకుంటారు. గోడల మీద ఫోటోతో పోస్టర్లు పడతాయి. అందులో పిల్లలు, మనవలు, మేనమామలు, వాళ్ళు ఏ దేశంలో ఉన్నారో కూడా రాస్తారు. షామియానాల కింద వందల ప్లాస్టిక్ కుర్చీలు. దగ్గరివాళ్ళు ఎరుపు, మిగతావాళ్ళు నలుపు కట్టుకుంటారు. నిండు వయసులో పోయిన పెద్దమనిషైతే తెలుపు కూడా కనిపిస్తుంది. ఆ బట్టల మీద అద్దే గుర్తులను అదింక్రా అంటారు. అసాంటేల ప్రధాన నగరం కూమాసీ దగ్గరి న్టోన్సో ఊరు ఈ పనికి పేరుబడ్డది. చెట్టు బెరడును గంటల తరబడి ఉడకబెట్టి నల్లటి రంగు తీసి, సొరకాయ డొప్పను అచ్చుగా చెక్కి అద్దుతారు. అదింక్రా అంటే వీడ్కోలు.

మధ్యలో ఒక బల్ల ఉంటుంది. వచ్చినవాళ్ళు అక్కడ డబ్బు కడతారు, రసీదు తీసుకుంటారు. ఎవరు ఎంత ఇచ్చారో మైకులో చదువుతారు. మన పెళ్ళిళ్ళ చదివింపులు తెలిసినవాళ్ళకు ఇది వింతగా అనిపించదు. జనం సర్దుకున్నాక అబుసువా పెద్దలు కూర్చుని జమాఖర్చు చూస్తారు. శవపేటిక, మార్చురీ, భోజనాలు, కుర్చీల అద్దె అన్నీ కలిపి ఖర్చెంత, వచ్చిందెంత. తక్కువ పడితే వంశంలోని పెద్దవాళ్ళందరి మీదా వాటా పడుతుంది. ఎవరింటికి ఎవరు ఎంత ఇచ్చారన్నది పుస్తకంలో ఉంటుంది, మళ్ళీ వాళ్ళింట చావు వచ్చినప్పుడు ఆ పేజీ తిప్పుతారు. బీమా కంపెనీ లేని చోట ఇది బీమా. పట్నం వెళ్ళినవాణ్ణి, లండన్ వెళ్ళినవాణ్ణి ఊరితో కట్టి ఉంచే తాడు కూడా ఇదే. మన ఇంటి చావులకు రానివాడి ఇంట చావుకు ఎవరు వెళ్తారు?

దీని మోత కూడా తక్కువేం కాదు. బతికుండగా ఆసుపత్రి ఖర్చుకు చేయి చాపని వంశం చచ్చాక లక్షలు పోస్తుందన్న మాట ఘనాలోనే గట్టిగా వినిపిస్తుంది. ఒకప్పుడు నలుగురు కూర్చుని లేచిపోయిన వారం నాటి పరామర్శ ఇప్పుడు ఇంకో పెద్ద కార్యక్రమమైంది. అప్పు చేసి అంత్యక్రియలు చేసి, చదివింపులతో అప్పు తీరుతుందో లేదోనన్న టెన్షన్‌తో ఆ శనివారం గడిపే కొడుకులు చాలామంది. చర్చి పెద్దలూ, ఊళ్ళను సంప్రదాయంగా ఏలే చీఫ్‌లూ ఖర్చు తగ్గించమని చెబుతూనే ఉంటారు. కానీ తగ్గించిన మొదటి ఇల్లు మాది కావాలని ఎవరూ కోరుకోరు.

బంధం ఎంత దగ్గరిదైతే అనుమానం అంత లోపలికి పోతుంది. "నిన్ను కుట్టే పురుగు నీ బట్టలోనే ఉంటుంది" అని అకాన్ సామెత. మంత్రగత్తె శక్తి, బయీ, సొంత అబుసువాలోని వాళ్ళ మీదే పనిచేస్తుందని నమ్మకం. పంట పోయినా, బిడ్డ పోయినా వేలు పోయేది దాయాది మీదకో, దిక్కులేని ముసలి పిన్ని మీదకో. ఈ జబ్బు అకాన్‌లది మాత్రమే కాదు. ఘనా ఉత్తరాన గంబాగా వంటి చోట్ల మంత్రగత్తెలని ముద్రపడ్డ ఆడవాళ్ళు ఊళ్ళు వదిలి శిబిరాల్లో తలదాచుకుంటున్నారు. 2020 జులైలో కఫాబా ఊళ్ళో 90 ఏళ్ళ ముసలావిడను నడిబజారులో జనం చూస్తుండగా కొట్టి చంపారు. 2023 జులైలో ఇలాంటి నిందలను నేరంగా చేసే బిల్లును పార్లమెంటు ఆమోదించినా అప్పటి అధ్యక్షుడు సంతకం పెట్టలేదు. పాత ఆధ్యాత్మికతను ప్రేమతో చూసేవాళ్ళు దీన్ని చాపకిందకు తోయకూడదు. సమాజాన్ని ఒక్కటిగా పట్టి ఉంచే చెయ్యి గొంతు కూడా పట్టగలదు. చట్టం అడ్డుపడిన చోట మార్పు వచ్చింది కూడా. కుటుంబం చేసిన తప్పుకు ఆడపిల్లను గుడికి అప్పగించే ట్రొకోసి ఆచారం తూర్పున ఎవే జాతివాళ్ళలో ఉండేది. అలాంటి బానిసత్వాన్ని 1998లో చట్టం నేరం చేసింది. వీలునామా రాయకుండా భర్త చనిపోతే అతని అబుసువా వచ్చి భార్యాబిడ్డల్ని ఇంట్లోంచి గెంటేసే పద్ధతికి 1985 వారసత్వ చట్టం కళ్ళెం వేసింది.

అధికారం విషయంలో మాత్రం ఈ బాకీల లెక్క మహా గట్టిగా పనిచేసింది. అకాన్ రాజ్యాధికారానికి గుర్తు కిరీటం కాదు, పీట. చెక్కతో చెక్కిన, నడుం వంగిన పీట. ఎవరి పీటలో వాళ్ళ ఆత్మ ఉంటుందని నమ్మకం. మంచిగా ఏలి పదవిలో ఉండగానే కన్నుమూసిన చీఫ్ పీటకు మసి, గుడ్డు సొన వంటివి పూసి నల్లబరిచి పీటల గదిలో పెడతారు. పదవిలోంచి దింపేసినవాడి పీటకు ఆ గౌరవం లేదు. 42 రోజులకోసారి వచ్చే అదాయె రోజున ఏలుతున్న చీఫ్ ఆ గదిలోకి వెళ్ళి పాత పీటలకు మెదిపిన కంద వంటిది నైవేద్యం పెడతాడు. ఊరి మీద ఇంత అధికారం ఉన్న మనిషి ఆ గదిలో మనవడి వరసే. పాత ఆరు రోజుల వారం, ఏడు రోజుల వారం మళ్ళీ ఒకే చోట కలిసే చక్రం ఈ 42. ఆదివారం పడే అక్వాసిదాయె నాడు కూమాసీలోని అసాంటే రాజు నివాసం మన్హియా ప్యాలెస్ జనంతో, గొడుగులతో, డప్పులతో నిండిపోతుంది.

కొత్త చీఫ్‌ను పీటెక్కించే రోజు జనం తరఫున అతనికి గట్టిగా చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. దురాశ మాకు వద్దు. నీ చెవులు బిరుసెక్కడం మాకు వద్దు. మనుషుల్ని మూర్ఖులనడం వద్దు. మమ్మల్ని శపించడం వద్దు. ఎవరినీ అడగకుండా నీ సొంత బుద్ధితో పని చేయడం వద్దు. ప్రతి మాటకూ అతను ఒప్పుకోవాలి. తప్పితే దింపేస్తారు. దింపేటప్పుడు చెప్పులు విప్పించి అతని పాదాన్ని నేలకు తాకిస్తారు. పెద్దల ముందు అతని పేరు ప్రతిపాదించేదీ ఒక ఆడమనిషే, రాజమాత ఒహెమా.

ఈ పీటల్లో పెద్దది అసాంటేల బంగారు పీట. 17వ శతాబ్దం చివర ఒసెయి టూటూ రాజు కాలంలో పూజారి ఒకోమ్‌ఫో అనోచే దాన్ని ఆకాశం నుంచి దింపాడని కథ. అది జాతి మొత్తం ఆత్మ. దాని మీద రాజు కూడా కూర్చోడు. 1896లో రాజు ప్రెంపేను బ్రిటిష్‌వాళ్ళు పట్టుకుపోయినప్పుడు అసాంటేలు యుద్ధం చేయలేదు. 1900 మార్చిలో బ్రిటిష్ గవర్నర్ హాడ్జ్‌సన్ కూమాసీకి వచ్చి, రాణి ప్రతినిధినైన నన్ను ఆ పీట మీద ఎందుకు కూర్చోబెట్టలేదని అడిగాడు. ఆ మాటకు ఎజిసు రాజమాత యా అసంటెవా నాయకత్వంలో యుద్ధం లేచింది. రాజు పోతే ఊరుకున్న జనం పీటను అడిగితే కత్తి పట్టారు. ఓడిపోయారు, ఆమె సీషెల్స్ దీవుల్లో ప్రవాసంలోనే 1921లో కన్నుమూసింది, పీట మాత్రం దొరకలేదు. ఎక్కువగా 1874 యుద్ధంలోనూ ఆ తర్వాతా బ్రిటన్‌కు చేరిన రాజచిహ్నాల్లో 32 వస్తువులను రెండు బ్రిటిష్ మ్యూజియాలు 2024లో కూమాసీకి పంపాయి. తిరిగి ఇవ్వడం కాదు, అప్పుగా. కొల్లగొట్టినది ఇంటికే అప్పుగా రావడం ఎంత నొప్పో మాటల్లో చెప్పనక్కర్లేదు.

చర్చితో సంబంధం అనుకున్నంత సూటిగా లేదు. 1828లో వచ్చిన బాసెల్ మిషన్ మతం మారినవాళ్ళను ఊరికి ఎడంగా సేలం అనే వాడల్లో ఉంచింది, డప్పుకీ సాకకీ దూరంగా. అదే మిషన్‌లోని క్రిస్టాలర్ 1871 నాటికి బైబిల్ మొత్తాన్ని అకాన్‌ల ట్వీ భాషలోకి తెచ్చినప్పుడు దేవుడికి వాడింది వాళ్ళ పాత దేవుడి పేరే. పాత దేవుడు కొత్త పుస్తకంలోకి పేరుతో సహా నడిచి వెళ్ళాడు. నేటి పెంటెకోస్తు పాస్టర్లు సాక పోయడాన్ని దయ్యాల పని అంటారు. కానీ రోగానికి, అప్పుకు, పిల్లలు లేకపోవడానికి కారణం చెప్పమని జనం ఒకప్పుడు ఒకోమ్‌ఫోను అడిగిన ప్రశ్నలే ఇప్పుడు పాస్టర్‌నూ అడుగుతున్నారు. చాలా ఇళ్ళలో నామకరణం పాస్టరే చేస్తాడు, జిన్ బదులు కూల్‌డ్రింకో తేనో పెడతాడు.

ఇక నేల, నీళ్ళు. ఈ పద్ధతి ఎక్కువగా గెలిచిందీ, ఇప్పుడు ఎక్కువగా ఓడుతున్నదీ ఇక్కడే. అసాసే యా అన్న పేరులోనే గురువారం ఉంది, అది నేలతల్లి రోజు. ఆ రోజు అసాంటే ఊళ్ళలో సంప్రదాయం పాటించేవాళ్ళు పొలంలో గునపం దించరు. ఫాంటేలకు అది శుక్రవారం. తీరంలో మంగళవారం సముద్రంలోకి పడవ దిగదు. గొయ్యి తవ్వే ముందు, శవాన్ని పూడ్చే ముందు నేలను అడిగి సాక పోస్తారు.

కూమాసీకి 30 కిలోమీటర్ల దూరంలో బోసోమ్‌ట్వి సరస్సు ఉంది. సుమారు 10 లక్షల ఏళ్ళ కింద ఉల్క పడి ఏర్పడ్డ గుంట అది. చనిపోయినవాళ్ళ ఆత్మలు నేలతల్లికి వీడ్కోలు చెప్పడానికి అక్కడికి వస్తాయంటారు. దాని నీళ్ళకు ఇనుము తగలకూడదన్నది కట్టు. అందుకని సంప్రదాయం ప్రకారం జాలరులు మామూలు పడవ వాడరు. పదువా అనే ఒక్క చెక్క దుంగ మీద జాలరి బోర్లా పడుకునో కూర్చునో అరచేతులతో నీళ్ళు తోసుకుంటూ వెళ్తాడు. దుంగ మీద వెళ్ళేవాడు ఎంత దూరం వెళ్ళగలడు, ఎన్ని చేపలు తేగలడు? దేవత పేరుతో పెట్టిన కట్టు చేపలకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చింది. 2016లో యునెస్కో దీన్ని జీవావరణ రక్షిత ప్రాంతాల్లో చేర్చింది.

కూమాసీ దగ్గరే అంటోవా నది దేవత ఉంది. అన్యాయం జరిగినవాడు కోడిగుడ్లు పట్టుకుని ఆ పేరు మీద శపిస్తే, శాపం తీయించుకోవడానికి అవతలివాడు గొర్రెను తోలుకుని గుడికి పోవాల్సిందే. కోర్టులో బైబిల్ మీద చెయ్యేసి అబద్ధం ఆడేవాడు కూడా అంటోవా పేరు ఎత్తితే తడబడతాడని అక్కడ అనుకుంటారు.

అలాంటి దేశంలో నదులు ఇవాళ టీ రంగులో పారుతున్నాయి. గలంసే అని పిలిచే అక్రమ బంగారు తవ్వకాలు ప్రా, ఒఫిన్, అంకోబ్రా నదుల ఒడ్లను చీల్చేశాయి. 2024 ఆగస్టులో మధ్య ప్రాంతపు నీటిశుద్ధి కేంద్రానికి వస్తున్న ప్రా నీళ్ళ బురదతనం 14,000 ఎన్‌టీయూ (నీళ్ళ మురికిని కొలిచే ప్రమాణం) ఉందని నీటి సరఫరా సంస్థే చెప్పింది. ఆ ప్లాంటు తట్టుకునేది 2,000. నది దేవత ఇంకా ఊళ్ళో ఉంది, భయమూ ఉంది. కానీ ఆ కట్టు పనిచేసేది దానికి బాకీ ఉన్నానని తెలిసినవాడి మీదే. ఎక్కడి నుంచో ఎక్స్‌కవేటర్ తెచ్చిన పెట్టుబడిదారు ఆ నదికి ఏమీ కాడు. అతని తాత పేరు అక్కడ ఎవరూ పిలవరు. పైగా నేలకు కాపలాదారులమని ప్రమాణం చేసిన చీఫ్‌ల్లో కొందరే గోతులకు దారి ఇచ్చారన్న ఆరోపణలు ఉన్నాయి. వాళ్ళను దింపే పాత పద్ధతి ఉన్నా, బంగారం డబ్బు ముందు అది నీరసపడింది.

బోనో తూర్పు ప్రాంతంలోని బోఆబెంగ్, ఫియెమా అనే జంట ఊళ్ళు ఇంకో దారి చూశాయి. ఆ ఊళ్ళ మధ్య అడవిలో మోనా కోతులు, నల్లటి ఒంటికి తెల్లటి తోకలుండే కోలబస్ కోతులు ఉంటాయి. అవి ఊరి దేవతల పిల్లలు, చంపకూడదు. 1970ల్లో ఒక కొత్త చర్చి శాఖవాళ్ళు ఆ కట్టు మాకు వర్తించదని కోతులను చంపడం మొదలుపెట్టారు. ఊరివాళ్ళు అటవీ జంతువుల శాఖ దగ్గరికి వెళ్ళారు. 1975లో స్థానిక ప్రభుత్వం వేట నిషేధిస్తూ నియమం చేసింది. అప్పటి నుంచి దేవత మాటకు గార్డు తోడయ్యాడు. చుట్టుపక్కల అడవి పోయినా అది మిగిలింది. మోనా కోతులు ఇళ్ళలోకే వచ్చి వంటపాకలో చెయ్యి పెడతాయి, ఎవరూ కొట్టరు. ఒక కోతి చనిపోతే తెల్లబట్టలో చుట్టి, సాక పోసి, అడవిలోని శ్మశానంలో పూడుస్తారు. ఊరి పూజారుల సమాధులున్నదీ అక్కడే.